డిక్కీలో పట్టని స్టెప్నీ

కారు కొన్న రోజున రాయచూరు షోరూంలో మా ఆయన మొదట తెరిచి చూసింది ఇంజను కాదు, డిక్కీ. కింద పరిచిన అట్ట ఎత్తి, గుంటలో ఉన్న స్టెప్నీని బొటనవేలితో నొక్కి చూసి, "ఇదేంటండీ, ఇది సన్నగా ఉంది?" అని అడిగారు. నిజమే. మిగతా నాలుగు చక్రాలూ ఒక సైజు, అదొక్కటే తక్కువ సైజు. వెడల్పు తక్కువ, ఎత్తు కూడా ఓ రెండు వేళ్ళు తక్కువ. స్పీడు పోవద్దని దాని మీద చీటీ కూడా అంటించి ఉంది.

"ఇప్పుడన్నీ గిట్లనే వస్తున్నయ్ సార్," అన్నాడు అమ్మే ఆయన. "పంచరైతే దగ్గర్ల దుకాణం దాంక మెల్లగ పోనీకె. స్టెప్నీ పని అంతే గద."

"దగ్గర్లో దుకాణం ఎక్కడుందండీ మాకు? బాళగనూరు దాటి లోపలికెళ్ళాలి మా క్యాంపుకి. దారి పొడుగునా వరిమళ్ళే. కప్పలొచ్చి పంచరేస్తాయా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వి ఊరుకుంటారనుకున్నాను. కానీ మా ఆయన తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. మళ్ళీ రాయచూరు వెళ్ళినప్పుడు మిగతా నాలుగింటి సైజులోనే అయిదో చక్రం కొనుక్కొచ్చారు. తీరా చూస్తే అది డిక్కీ గుంటలో పట్టలేదు. సగం దిగి ఆగిపోయింది. దాని మీద అట్ట వేస్తే ఒక పక్క లేచి నిలబడుతుంది. ఆ ఏటవాలు మీద పెట్టిన క్యారేజీ ప్రతిసారీ ఒరిగి, పప్పుచారు కారిపోయి, కొత్త కారుకి మా వంటింటి వాసన పట్టుకుంది. సన్నదాన్ని ఆయన పశువుల కొట్టంలో గోడకి ఆనించారు.

ఆ కారు షికార్లకి కొన్నది కాదు. మా ఆయన కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. వారానికి రెండుసార్లు రాయచూరు వెళ్ళి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. సింధనూరులో పేరు రాయించి ఉంచాం కానీ ఖాళీ రాలేదు. బస్సులో వెళ్ళేటప్పుడు ఎలాగో ఉన్నా, వచ్చేటప్పుడు మనిషి కడ్డీ పట్టుకుని కూడా నిలబడలేకపోతున్నారు. సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమచేతికి నరం కలిపి ఆపరేషన్ చేశారు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, దాని మీద ఒత్తిడి పడకూడదు. అందుకని కారు నడపడం నేను నేర్చుకున్నాను. నేర్చుకున్నది కాలువ గట్టు మీద. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క బురద. అక్కడ పడకుండా నడిపినదానికి తారురోడ్డు ఒక లెక్కా అని నా గొప్ప నేనే చెప్పుకునేదాన్ని.

ఇంకో దారి ఉంది. అది మా ఇద్దరికీ తెలుసు, మా ఇద్దరి మధ్యా గొడవ కూడా అదే. నా కిడ్నీ ఒకటి ఆయనకి పెట్టవచ్చు. రక్తం గ్రూపు కలిసింది. హైదరాబాదు వెళ్ళి మిగతా పరీక్షలు చేయించుకోండి, అన్నీ సరిపోతే ఈ మిషను బాధ తప్పుతుందని రాయచూరు డాక్టరుగారు ఎన్నోసార్లు చెప్పారు. మొదటిసారి చెప్పినప్పుడు మా ఆయన ఇచ్చిన జవాబు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. "మా ఆవిడకి కుదరదండీ, నాట్లున్నాయి," అన్నారు. ఆ నాట్లు అయిపోయాయి, కలుపులు అయిపోయాయి, కోతలు కూడా అయిపోయాయి. ఆయన లెక్కలో నాకు ఎప్పటికీ కుదరలేదు.

పెద్ద చక్రం తెచ్చిన రోజున నేను గట్టిగానే అడిగాను. ఎప్పుడో ఒకనాడు పంచరవుతుందని రోజూ ఇంత బరువు మోసుకు తిరగాలా, సన్నది చాలదా అని.

"చాలదు," అన్నారు. "ఒకటి పోతే ఇంకోటి ఉండాలి. అది కూడా పూర్తిది ఉండాలి. అరకొరది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"అంత అవసరం ఎప్పుడొస్తుందండీ?"

"ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టే పెట్టుకునేది. దేవుడు మనిషికి ఊరికే రెండేసి ఇచ్చాడా?" డిక్కీలోకి చూస్తూ అన్నారు ఆ మాట. నా మొహంలోకి చూడలేదు. "ఉన్న స్టెప్నీ తీసి ఎవరికో ఇచ్చేసి బండిని రోడ్డెక్కించేవాడు ఉంటాడా ఎక్కడన్నా? బళ్ళారిలో పిల్ల చదువుకుంటోంది. దానికి మనిద్దరిలో ఒకళ్ళన్నా సరిగ్గా మిగలాలి."

అప్పటినుంచి మా ఇంట్లో స్టెప్నీ గురించి మాట్లాడితే టైరు గురించి మాట్లాడినట్టు కాదు. నేను దాన్ని తిడితే ఆయన్ని తిట్టినట్టు, ఆయన దాన్ని వెనకేసుకొస్తే నన్ను వద్దన్నట్టు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోమన్నారు మా తోటికోడలు. ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఆయన మిషను మీద పడుకున్నంతసేపూ పక్కన స్టూలు మీద కూర్చుని, ఆ గొట్టాల్లో తిరుగుతున్న రక్తం చూసేది నేనే. ఒంట్లో నీరు చేరి, తెల్లవారేసరికి కళ్ళ కింద ఉబ్బి, నాలుగడుగులకే ఆయన ఆగిపోతుంటే చూసేదీ నేనే.

ఆ నీటి సంగతి కూడా చెప్పాలి. ఆయనకి రోజుకి ఇంతేనని కొలిచి ఇస్తాను మంచినీళ్ళు. గ్లాసు పట్టుకుని గుక్కకీ గుక్కకీ మధ్య ఆపుకుంటూ తాగుతారు. ఆయన బతుకంతా నీళ్ళ కోసమే గడిచింది. మా మామగారు కోస్తా నుంచి వచ్చిన రైతులతో కలిసి ఇక్కడ క్యాంపు వేసుకుని, తుంగభద్ర కాలువ కింద మడి చేసిన నాటినుంచి మా ఇళ్ళల్లో పొద్దున లేస్తే మొదటి మాట, కాలువలో నీళ్ళెంతున్నాయి అని. మాది పిల్లకాలువ చివర ఉన్న పొలం. పైవాళ్ళు తాగి మిగిల్చింది మాకు. అదీ వంతు ప్రకారం వస్తుంది. మా వంతు వచ్చినప్పుడు, నీళ్ళు కిందికి పోయే సిమెంటు తూము మూతికి ఏదైనా అడ్డం పెడితే, నీళ్ళు లేచి మా మడిలోకి మళ్ళుతాయి. వంతు అయిపోగానే అడ్డం తీసేసి కిందివాళ్ళకి వదలాలి. అడ్డానికి ఒక్కొక్కళ్ళది ఒక్కొక్క వస్తువు. ఒకరు పాత ఫ్రిజ్జు తలుపు పెడతారు, ఒకరు పగిలిన రుబ్బురోలు దొర్లిస్తారు. మాకు టేకు పలక ఉండేది.

ఆ ఏడాది ఆఖరి తడి అది. వరి పాలు పోసుకుంటోంది. ఆ సమయంలో మడి ఆరితే గింజ తాలు పోతుంది. అంతవరకూ పడ్డ కష్టమంతా గడ్డి కిందే జమ. మా వంతు మొదలైన సాయంత్రం ఆయన ఒక్కరే పొలానికి వెళ్ళి, చీకటి పడకముందే వచ్చి, నీళ్ళు బాగానే ఎక్కుతున్నాయని చెప్పి పడుకున్నారు. మర్నాడు రాయచూరు వెళ్ళే రోజు. నేను క్యారేజీ కట్టి డిక్కీలో పెడుతుంటే అట్ట చదునుగా ఉంది, క్యారేజీ ఒరగలేదు. ఎన్నాళ్ళకి బుద్ధిగా కూర్చుందే అనుకున్నానే కానీ, ఎందుకు కూర్చుందో ఆలోచించలేదు.

మాన్వి దాటాం. కాలువ నేల వెనకబడిపోయి రెండు పక్కలా పత్తిచేలు మొదలయ్యాయి. ఎదురుగా వస్తున్న వడ్ల లారీకి దారి ఇవ్వబోయి ఎడమ చక్రాన్ని గుంటలో దించాను. దబ్బుమని చప్పుడైంది. కారు ఒక పక్కకి లాగేసింది. దిగి చూస్తే ముందు టైరు పక్క చీరుకుపోయి ఉంది. గాలి పట్టే గాయం కాదు అది.

మా ఆయన దిగి కల్వర్టు గోడ మీద కూర్చున్నారు. అప్పటికే ఆయాసంగా ఉన్నారు. నేను డిక్కీ తెరిచి, క్యారేజీ తీసి, దిండు తీసి, అట్ట ఎత్తాను. గుంటలో సరిగ్గా సరిపోయి, కొట్టంలో ఉండాల్సిన సన్న చక్రం ఉంది.

"ఏవండీ, పెద్దదేదీ?"

ఆయన పత్తిచేను వైపు చూస్తున్నారు.

"మిమ్మల్నే. పెద్ద చక్రం ఏదండీ?"

"తూముకి పెట్టాను," అన్నారు.

నాకు ముందు బుర్రకెక్కలేదు. ఆయనే మెల్లగా చెప్పుకొచ్చారు. "పలక ఎవడో ఎత్తుకుపోయాడే. సన్నది పెట్టి చూశాను. అంచున సందు మిగిలి నీళ్ళన్నీ కిందికే పోతున్నాయి. పెద్దది యూరియా సంచిలో చుట్టి పెడితే మూతికి సరిగ్గా అతుక్కుంది. మన వంతు రేపు మధ్యాహ్నం దాకానేగా. ఒక్క ప్రయాణానికి ఏమవుతుందిలే అనుకున్నాను."

"ఎలా తీసుకెళ్ళారు అంత బరువు?"

"ఎత్తలేదు. డిక్కీలోంచి కిందికి జార్చి, కుడిచేత్తోనే దొర్లించుకెళ్ళాను."

షోరూంలో అంతమందికి పాఠం చెప్పిన మనిషి. దాన్ని అడ్డం పెట్టుకుని ఇన్నాళ్ళూ నా నోరు నొక్కిన మనిషి. నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఆయాసపడుతున్న మనిషి మీద అరవలేక ఆ కోపాన్ని నట్ల మీద చూపించబోయాను. అవి కదల్లేదు. పానా నట్టుకి తగిలించి, చేతులతో వేలాడినా కదల్లేదు. ఆయన లేచి వచ్చి పానా పట్టుకోబోయారు, ఎడమచేత్తో. ఆ చెయ్యి పోతే మిషను పెట్టడానికి చోటు లేదు. నేను ఆయన్ని తోసినంత పని చేసి మళ్ళీ గోడ మీద కూర్చోబెట్టాను.

మేకలు తోలుకుపోతున్న పెద్దమనిషి ఒకాయన ఆగి చూశాడు. "ఏందమ్మా, గాలి పోయిందా?" అని, గోడ మీద కూర్చున్న మా ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "మొగాయన హాయిగ కూసుండె, నువ్వు చెమటలు కక్కవడ్తివి. బాగున్నది మీ జమానా," అన్నాడు.

మా ఆయన తల వంచుకున్నారు. నాకు అప్పటిదాకా ఆయన మీద ఉన్న కోపమంతా ఆ ముసలాయన మీదికి మళ్ళింది. "ఆయనకి ఒంట్లో బాలేదు తాతా. ఆస్పత్రికి పోతున్నాం. నవ్వాలనుంటే నవ్వు, లేదంటే వచ్చి ఒక చెయ్యి వెయ్యి," అన్నాను.

"అట్లనా. ఎరుక లేక అన్న బిడ్డా, ఏమనుకోకు," అన్నాడు. కర్ర పక్కన పెట్టి, పానా మీద కాలు వేసి నిలబడ్డాడు. నేను కూడా ఆ తాత భుజం పట్టుకుని ఎక్కాను. ఇద్దరి బరువుకీ ఒక్కొక్క నట్టూ కీచుమంటూ వదిలింది. మేకలు ఈలోగా పత్తిచేలో పడ్డాయి. తాత వాటిని తిట్టుకుంటూనే చక్రం ఎక్కించే దాకా ఉన్నాడు.

సన్న చక్రంతో కారు ఎడమకి లాగుతూనే ఉంది. గట్టిగా పట్టుకుని, బస్సులూ ట్రాక్టర్లూ కూడా దాటిపోతుంటే, మెల్లగా నడిపాను. యరమరస్ వైపు కరెంటు ఫ్యాక్టరీ పొగ కనబడేసరికే ఆలస్యమైపోయిందని తెలిసిపోయింది. నేను మాట్లాడితే తిట్లే వచ్చేవి. ఆయన కిటికీ అద్దం దించుకుని గాలి కోసం మొహం బయటికి పెట్టుకున్నారు.

ఆస్పత్రిలో ఆయన మిషను మీద ఇంకెవరో ఉన్నారు. "గింత లేటు జేస్తే ఎట్లమ్మా? మీరు రాకపోతిరని ఇంకొకాయనకు పెట్టేసిన," అన్నాడు మిషను చూసే అబ్బాయి. "ఆయన దిగినంక పెడ్త గని పూరా సేపు కాదు, సగమే. మీ ఎన్క ఇంకా ఇద్దరున్నరు. మిగిలింది ఎల్లుండికి చూద్దాం."

బతిమాలాను. బతిమాలితే అవతల ఇద్దరిలో ఒకరి సేపు తగ్గుతుంది. ఆ ఇద్దరిలో ఒకావిడ నా ఎదుటే బెంచీ మీద కాళ్ళు ఉబ్బిపోయి కూర్చుని ఉంది. నోరు మూసుకున్నాను. ఆయనకి సగమే జరిగింది. ఆలోగా నేను కారుకి కొత్త టైరు వేయించుకొచ్చాను. సన్నది మళ్ళీ గుంటలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఆయన మొహం ఉబ్బి ఉంది. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. చూసేసరికి నాకు కోపం పొంగుకొచ్చింది. ఇంకో మాట లేకుండా పొలానికి నడిచాను. ఆ చక్రాన్ని పీకి తెచ్చి ఆయన ముందు పడేయాలని నా ఉద్దేశం. పంట ఉంటే ఎంత, ఎండిపోతే ఎంత.

గట్టు మీద మెత్తటి మట్టిలో చక్రం దొర్లిన గీత ఉంది. గీతకి ఎడమ పక్కన ఆయన చెప్పుల గుర్తులు. చాలా చోట్ల గీత తెగిపోయి, అక్కడ చక్రం పడుకోబెట్టిన అచ్చు ఉంది. ఆయాసం వచ్చినప్పుడల్లా దాన్ని పడుకోబెట్టి, దాని మీదే కూర్చుని ఉంటారు.

తూము దగ్గర కాలువలోకి దిగాను. యూరియా సంచి చుట్టుకుని చక్రం మూతికి అతుక్కుపోయి ఉంది. చుక్క కూడా కారడం లేదు. లేచిన నీళ్ళు గట్టుకి తీసిన గండిలోంచి మా మడిలోకి మళ్ళుతున్నాయి. మడి అంతా తడిసి, కంకులు బరువుగా వంగి ఉన్నాయి. ఒక గింజ గిల్లి చూశాను. పాలు చిక్కబడుతున్నాయి. సంచి అంచు పట్టుకున్నాను కానీ లాగలేకపోయాను. నేను కూడా ఈ మడిలో నడుము వంచినదాన్నే. వంతు అయిపోకముందే ఆ నీళ్ళు ఆపే ధైర్యం నాకు లేదు.

మోకాళ్ళ లోతు నీళ్ళల్లో అలా నిలబడి ఉండగా ఆయన వచ్చారు. ఆగి ఆగి నడిచొచ్చి గట్టు మీద చతికిలబడ్డారు.

"తీసెయ్యకే," అన్నారు. "మధ్యాహ్నం దాకా ఉండనీ."

"తియ్యను," అన్నాను. "ఎందుకు తీస్తానండీ? మొన్నటిదాకా డిక్కీలో పడి ఉండి క్యారేజీ ఒలకబోయడం తప్ప ఇది చేసిందేంటి? ఇవాళ దీని వల్ల మడి బతికింది. అవసరానికి వాడారు. నేను ఏమన్నా అన్నానా?"

ఆయన గట్టు మీది గడ్డిపరక తెంపి వేలికి చుట్టుకుంటున్నారు.

"మడి ఎండిపోతుంటే ఇంట్లో ఉన్నది తెచ్చి పెట్టారు. రేపు ఏమవుతుందో అని దాచుకోలేదు. మరి నేను చూస్తూ ఊరుకోవాలా? నాది మాత్రం డిక్కీలో దాచిపెట్టాలా?"

ఆయన కుడిచెయ్యి గట్టుకి ఆనించి ఊపిరి తీసుకున్నారు. తరువాత, "రేపు నీకే అవసరమైతే?" అన్నారు.

"సన్నదాంతో మెల్లగా పోదాం. నిన్న పోలేదా?"

"నిన్న ఆలస్యమైపోయింది కదే."

నిజంగానే ఆలస్యమైంది, అది ఆయన మొహం మీదే కనబడుతోంది. "చేరాం కదా," అన్నాను చివరికి. "దారిలో ఉండిపోలేదు కదా."

మా వంతు అయ్యేదాకా ఇద్దరం గట్టు మీదే కూర్చున్నాం. ఇంటికెళ్ళి పడుకోమంటే ఆయన కదల్లేదు. పొద్దు నడినెత్తికి వచ్చాక కిందిపొలం వాళ్ళు చెయ్యి ఊపారు, నీళ్ళు వదలమని. నేను దిగి సంచి పట్టుకుని లాగాను. నీళ్ళ ఒత్తిడికి చక్రం ఊడిరాలేదు. ఆయన గట్టు మీదినుంచే వంగి కుడిచేత్తో అంచు పట్టుకున్నారు. ఇద్దరం కలిసి పక్కకి ఒరిగిస్తే ఒక్కసారిగా వదిలింది. నీళ్ళు గుడగుడమంటూ తూములోకి దూకాయి. నేను వెనక్కి పడి నిలువునా తడిశాను.

నవ్వుతారనుకున్నాను. ఆయన చెయ్యి అంచు మీదే పెట్టుకుని, కిందికి పోతున్న నీళ్ళని చూస్తూ అన్నారు. "పరీక్షలకి వెళ్దాం హైదరాబాదు. పరీక్షల వరకే."

ఆ మాట కోసం నేను ఎంత కాలం పోట్లాడానో. ఆయన వద్దన్నన్నాళ్ళూ నాకు భయమంటే ఏమిటో తెలీదు, కోపమొక్కటే తెలుసు. ఆయన సరేనన్నాక, కాలువలో తడిసి నిలబడి, మొదటిసారి నాకు భయం వేసింది. బళ్ళారిలో ఉన్న పిల్ల గుర్తొచ్చింది. నాకు తెలియకుండానే చెయ్యి నడుము పక్కకి వెళ్ళి అక్కడ తడుముకుంది. చెయ్యంతా బురద. ఆ మరక చీరకి అంటుకుంది. ఆయన చూశారు, చూసి మొహం తిప్పుకున్నారు.